ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కోగానే నలిగిపోతోంది, ఎక్కడ తేడా కొడుతోంది?

రాత్రిడ్యూటీ:
ఈమధ్య ఆఫీసు చొక్కాలు ఇంట్లోనే ఇస్త్రీ చేసుకుంటున్నాను. పెట్టె కొత్తదే, ఆవిరి వచ్చే రకం. బల్ల కూడా ఉంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా నొక్కుతున్నా కొన్ని సమస్యలు తీరడం లేదు. ముందు భాగం చేసి వెనక్కి తిప్పేసరికి చేసింది కాస్తా నలిగిపోతుంది. కాలర్ కొస దగ్గర చిన్న మడత పడి అక్కడే గట్టిగా అతుక్కుంటుంది. అసలు టెన్షన్ మూడోది: వేడివేడిగా తొడుక్కుని గుమ్మం దాటేసరికి మోచేతుల దగ్గర, వెనక నడుము దగ్గర అన్నీ ముడతలే. బట్ట నూరు శాతం కాటన్. వేడి చాలడం లేదా? ఇంకా ఎక్కువ వాట్ల పెట్టె కొనాలా?

కుట్టుమిషన్:
కొనకండి. "వేడివేడిగా తొడుక్కుని" అని మీరే రాశారు, మూడో సమస్యకి జవాబు అదే. ఇస్త్రీ అయిన వెంటనే బట్టలో వేడీ, కాస్త ఆవిరీ మిగిలే ఉంటాయి. అప్పుడు చెయ్యి మడిస్తే ఆ మడతని కూడా ఇస్త్రీ చేసినట్టే. హ్యాంగర్‌కి తగిలించి, పై గుండీ ఒకటి పెట్టి, పూర్తిగా చల్లారాక వేసుకోండి. మిగతావాటికి రాత్రి తీరిగ్గా రాస్తాను.

నూలుపోగు:
కుట్టుమిషన్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఇది తెలిస్తే మిగతావన్నీ మీకే తడతాయి.

నూలు పోగంటే దాదాపు అంతా సెల్యులోజే. పొడవాటి అణువుల గొలుసులు పక్కపక్కనే ఉండి, హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నీళ్లు తగిలితే ఆ పట్టు సడలుతుంది, గొలుసులు అటూ ఇటూ జరుగుతాయి. తడి పోగానే ఎక్కడ ఉన్నవి అక్కడే మళ్లీ పట్టు బిగిస్తాయి. ఉతికిన చొక్కా ఉండలా పడి ఆరితే ముడతలతో సహా బిగుసుకుపోయేది అందుకే. ఇస్త్రీలో మనం చేసేదీ అదే పని, కాకపోతే బట్టని చదునుగా పరిచి చేస్తాం. తడితో సడలించాలి, పెట్టెతో సాపు చేయాలి, ఆ సాపులోనే ఆరనివ్వాలి. పూర్తిగా ఎండిపోయిన కాటన్ మీద ఎంత బలం పెట్టినా ముడత అణుగుతుందే గాని పోదు. కాసేపటికి మళ్లీ లేస్తుంది. మీ చెయ్యి నొప్పికి కారణం కూడా అదే అయి ఉండాలి.

పాలిస్టర్ దారి వేరు. అది నీళ్లు పీల్చదు, వేడికే మెత్తబడుతుంది. 70, 80 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే దాని గొలుసులు కదలడం మొదలవుతుంది. దానికి తక్కువ వేడి, చల్లారేదాకా కదపకుండా ఉంచడం ముఖ్యం. సగం కాటన్, సగం పాలిస్టర్ అయితే వేడి పాలిస్టర్‌కి తగ్గట్టు పెట్టండి, తడి కాటన్‌కి తగ్గట్టు ఇవ్వండి.

వోల్టేజ్:
వాట్ల గురించి. ఎక్కువ వాట్లుంటే పెట్టె త్వరగా వేడెక్కుతుంది, ఆవిరి వదిలాక త్వరగా తేరుకుంటుంది. అంతే. ఎంత వేడి దగ్గర ఆగాలన్నది లోపలి థర్మోస్టాట్ చూసుకుంటుంది. రెండు లోహాల పట్టీ ఒకటి వేడికి వంగి కరెంటు ఆపుతుంది, చల్లబడగానే మళ్లీ కలుపుతుంది. మీకు వినిపించే టిక్ శబ్దం అదే. 2000 వాట్ల పెట్టె 230 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి, గోడ సాకెట్ కూడా అంత లోడు మోసేదై ఉండాలి. ట్యాంకులో నీళ్లు పోసేటప్పుడు ప్లగ్ తీసెయ్యండి.

రాత్రిడ్యూటీ:
అందరికీ థ్యాంక్స్. తడి అంటే ఎంత తడి? పెట్టె ఆవిరి సరిపోదా?

తడిగుడ్డ:
సన్న చొక్కాకి ఆవిరి సరిపోతుంది. మందం కాటన్‌కీ, లినెన్‌కీ చాలదు. నా పద్ధతి ఇది: ముందు రాత్రే స్ప్రే సీసాతో బట్ట అంతటా సన్నగా నీళ్లు కొట్టి, చాపలా చుట్టి, ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కడతాను. పొద్దునకి తడి సమంగా పాకుతుంది. పట్టుకుంటే చల్లగా తగలాలి, పిండితే చుక్క రాలకూడదు. అంతకు మించి తడి ఉంటే ఇస్త్రీకి రెట్టింపు సేపు పడుతుంది. ఒక మాట, అలా చుట్టి రోజుల తరబడి వదిలేస్తే బూజు వాసన పట్టేస్తుంది.

అసలు ఉతికిన చొక్కా పూర్తిగా ఆరకముందే, కాస్త చెమ్మ ఉండగానే దండెం మీంచి తీసి ఇస్త్రీ చేస్తే ఈ గొడవంతా ఉండదు.

గళ్ళలుంగీ:
నేను ఎండలో వడియాల్లా ఆరబెట్టేశాకే తీస్తాను. ఇప్పుడర్థమైంది.

కుట్టుమిషన్:
చెప్పినట్టే వచ్చాను. చొక్కా వరస గురించి.

సూత్రం ఒకటే. చిన్న భాగాలు, రెండు పొరలున్నవి ముందు. పెద్ద మైదానాలు చివర. కాలర్, భుజాల పట్టీ, కఫ్‌లు, చేతులు, ఆ తర్వాత ఒళ్లు. ఒంటిని గుండీలున్న ముందు పక్క నుంచి మొదలెట్టి, బల్ల చుట్టూ చొక్కాని తిప్పుకుంటూ, వెనక భాగం మీదుగా కాజాల పక్కకి వచ్చి ఆపండి. ఇలా చేస్తే అయిపోయిన భాగం బల్ల అవతలి పక్కకి వేలాడుతుంది, మీ చేతికిందికి మళ్లీ రాదు. మీ మొదటి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

కాలర్ సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. కాలర్‌లో బట్ట రెండు పొరలు, మధ్యలో గట్టి గుడ్డ. పెట్టెని ఒక కొస నుంచి రెండో కొసకి ఒకేసారి తోస్తే, పైపొరలో ఉన్న కాస్త మిగులు బట్ట పెట్టె ముందు అలలా లేచి, దారి లేక చివరి కుట్టు దగ్గర పోగవుతుంది. పెట్టె దాని మీదికి ఎక్కగానే అది మడతై కూర్చుంటుంది. మీరంటున్న కొస మడత ఇదే. కాబట్టి ముందు కాలర్ లోపలి వైపు పైకి పెట్టి, కొస నుంచి సగం వరకే రండి, ఆగండి. రెండో కొస నుంచి మళ్లీ సగం వరకు. ఎడమ చేత్తో బట్టని కుట్టు వైపు కొద్దిగా లాగి పట్టుకోండి. మిగులు బట్ట మధ్యలో సర్దుకుంటుంది. తర్వాత తిప్పి పైవైపు కూడా అలాగే. కాలర్ ఎముకలుంటే, అంటే కొసలు నిటారుగా నిలవడానికి లోపల దూర్చే సన్న పట్టీలుంటే, ముందే తీసెయ్యండి, ప్లాస్టిక్‌వి అయితే వేడికి వంకర పోతాయి, వాటి అచ్చు కూడా బట్ట మీద పడుతుంది. ఇప్పటికే పడ్డ మడతకి చుక్కంత నీళ్లు అద్ది, వేలితో సాపు చేసి, అప్పుడు పెట్టె ఆనించండి.

కఫ్‌లు కూడా లోపలి వైపు ముందు. గుండీల మీదికి పెట్టె ఎక్కించకండి, ముక్కుతో మధ్యలో దూరండి. లేదా మందపాటి తువ్వాలు మీద గుండీల వైపు కిందికి పెట్టి వెనక నుంచి చేయండి, గుండీలు తువ్వాల్లో దిగిపోతాయి, బట్ట సాపుగా పైనుంటుంది. ఎంబ్రాయిడరీకి కూడా ఇదే ఉపాయం.

గడుసుపిల్ల:
ఒళ్లు చివర అన్నారు, నేను ఒప్పుకోను. నేను వెనక భాగం ముందు చేసేస్తాను. ఎలాగూ కుర్చీకి ఆనుకుని నలిగేది అదే, దానికంత మర్యాద దేనికి? కనిపించేది కాలరూ, ముందు భాగమూ. అవి చివర చేస్తే తాజాగా ఉంటాయి.

కుట్టుమిషన్:
మీ ఇష్టం అమ్మా. కాలర్ చివర చేసేటప్పుడు ముందు భాగం బల్ల మీద ముద్దయిపోకుండా చూసుకోగలిగితే చేసుకోండి.

పాతపెట్టె:
చేతుల గురించి ఎవరూ చెప్పలేదు. చేతిని కింది కుట్టు దగ్గర సరిగ్గా మడిచి, రెండు పొరలూ అరచేత్తో దువ్వి, అప్పుడు పెట్టె పెట్టాలి. పై అంచు మీద గీత వద్దనుకుంటే అంచుకి వేలెడు దూరంలో పెట్టె ఆపేసి, చేతిని కొద్దిగా తిప్పి ఆ మిగిలిన భాగం విడిగా చేయాలి. సన్నటి స్లీవ్ బోర్డు ఉంటే ఈ తంటా లేదు, చేతిని దానికి తొడిగేసి చుట్టూ తిప్పుకోవచ్చు. చరిత్రలో కూడా జనాన్ని విసిగించింది చేతులే అనుకుంటా. 1892లో అమెరికాలో సారా బూన్ అనే దర్జీ ఆవిడ పేటెంట్ తీసుకున్న ఇస్త్రీ బల్ల, ఆడవాళ్ల దుస్తుల చేతులూ, ఒంటి భాగాలూ చక్కగా చేయడానికని సన్నగా, వంపుగా తయారుచేసిందే. దానికి పదేళ్ల ముందే, 1882లో, హెన్రీ సీలీ కరెంటు ఇస్త్రీ పెట్టెకి పేటెంట్ తీసుకున్నాడు. ఆవిడ బల్లే నాకు ఎక్కువ పనికొచ్చేదనిపిస్తుంది!

హ్యాంగర్:
మీరంతా ఇంత కష్టపడుతున్నారు. చేత్తో పట్టుకునే స్టీమర్ కొనుక్కోండి, హ్యాంగర్ మీదే నిమిషంలో పని అయిపోతుంది.

నూలుపోగు:
స్టీమర్ మంచిదే, కానీ దాని పని వేరు. తడీ వేడీ ఇస్తుంది, ఒత్తిడి ఇవ్వదు. ఉన్ని కోటు, జారే సన్న బట్టలు, వెల్వెట్, వేలాడే కర్టెన్లు, వీటికి భేష్. వెల్వెట్‌కైతే పెట్టె ఆనించనే కూడదు, దాని నూగు పడిపోయి మచ్చ కడుతుంది. కానీ కాటన్ చొక్కా కాలర్, లినెన్ ప్యాంటు మీద స్టీమర్ పెడితే "కాస్త తక్కువ నలిగిన" బట్ట వస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. స్నానం వేడినీళ్ల ఆవిరిలో చొక్కా తగిలించే చిట్కా కూడా అంతే, పైపై ముడతలు వదులవుతాయి.

గళ్ళలుంగీ:
నా గోడు వేరు. నల్ల ప్యాంటు ఇస్త్రీ చేస్తే తొడల దగ్గర, జేబుల దగ్గర నిగనిగా మెరుస్తోంది. ఆఫీసులో ఎవరో నూనె ఒలికిందా అని అడిగారు.

తడిగుడ్డ:
హహ. నేరుగా బట్ట పైవైపు పెట్టె ఆనిస్తే అంతే. పోగులు చదునైపోయి వెలుగుని అద్దంలా తిప్పికొడతాయి. పాలిస్టర్ కలిసి ఉంటే పైపైన మెత్తబడి కూడా మెరుస్తుంది. ముదురు రంగులన్నీ లోపలి వైపు తిప్పి చేయండి. పైవైపు చేయక తప్పకపోతే మధ్యలో పల్చటి తెల్ల కాటన్ గుడ్డ తడిపి పిండి పరవండి. నా పేరు ఊరికే పెట్టుకోలేదు. ఇప్పటికే వచ్చిన మెరుపు మీద తడిగుడ్డ వేసి బాగా ఆవిరి పట్టించి, మెత్తటి బ్రష్‌తో పోగులు లేపండి. ఉన్ని అయితే చాలావరకు తగ్గుతుంది. పాలిస్టర్ కరిగి మెరిస్తే ఇక పోదు.

రాత్రిడ్యూటీ:
ప్యాంట్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నా వాటికి ముందు గీతలు రెండేసి పడ్డాయి, రైలు పట్టాల్లా. పాత గీత పోదు, కొత్తది దాని పక్కన పడుతుంది.

కుట్టుమిషన్:
ముందు పాతదాన్ని చెరపాలి. దాని మీదే కొత్తది వేద్దామనుకుంటే మూడోది వస్తుంది.

ప్యాంటు తిరగేసి, ఆ గీత బల్ల మీద చదునుగా వచ్చేలా కాలుని తెరిచి పరవండి. తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు రెండు మూడు వంతులు కలిపి గుడ్డ తడిపి పిండి దాని మీద వేయండి. రంగు పోతుందేమో లోపలి కుట్టు దగ్గర ముందు చూసుకోండి. పెట్టెని తోయకుండా ఆనించి, ఎత్తి, పక్కన మళ్లీ ఆనించండి. గుడ్డ తీసిన వెంటనే నున్నటి చెక్క దిమ్మ ఒకటి దాని మీద పెట్టి చల్లారేదాకా అదిమి ఉంచండి. దర్జీలు కోట్ల కుట్లు సాపు చేసే పద్ధతి ఇది. చెక్క ఆవిరిని పీల్చుకుంటుంది, వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది. నున్నటి చెక్క లేకపోతే మందపాటి పుస్తకం మీద గుడ్డ చుట్టి వాడండి. గీత దగ్గర పోగులే అరిగి తెల్లబడి ఉంటే మాత్రం మచ్చ పోదు.

ఇక కొత్త గీత. జేబు సంచులు బయటికి లాగండి, లేకపోతే వాటి అచ్చు తొడల మీద పడుతుంది. ప్యాంటుని కింది అంచులతో తలకిందులుగా ఎత్తి, ఒక్కో కాలికి లోపలి కుట్టూ బయటి కుట్టూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా కలపండి. నాలుగు కుట్లూ ఒక చోట చేరాలి. అలాగే పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టి, పై కాలుని నడుము వైపు మడిచెయ్యండి. ఇప్పుడు కింది కాలు చేయండి. ముందు గీత నడుము దగ్గర కుచ్చు ఉంటే దాన్ని కలుసుకోవాలి, లేకపోతే జేబు అడుగు ఎత్తు వరకు వచ్చి ఆగితే చాలు. కుట్లు సరిగ్గా కలిపితే గీత దానంతటదే పాత చోటికి వస్తుంది. రెండు గీతలు పడేది కళ్లంచనాతో మడవడం వల్ల.

చుక్కలబొమ్మ:
లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలుంటాయి కదా, వాటి లెక్క ఏమిటి?

వోల్టేజ్:
ఒక చుక్క అంటే దాదాపు 110 డిగ్రీలు, నైలాన్, ఎక్రిలిక్ లాంటివి. రెండు చుక్కలు 150, పట్టు, ఉన్ని, చాలా పాలిస్టర్‌లు. మూడు చుక్కలు 200, కాటన్, లినెన్. బొమ్మ మీద అడ్డంగా ఇంటూ గుర్తు ఉంటే పెట్టె జోలికే పోవద్దు. తక్కువ వేడి బట్టలు ముందు, ఎక్కువ వేడివి తర్వాత చేయండి. పెట్టె వేడెక్కడం సులువు, చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. కాటన్ అయ్యాక మీట తిప్పి వెంటనే పట్టు మీద పెడితే గోవిందా. ఇంకోటి, ఒక చుక్క వేడిలో ఆవిరి వాడకండి. నీళ్లు మొత్తం ఆవిరి కాకుండా చుక్కలుగా కారతాయి.

గడుసుపిల్ల:
పట్టు మీద ఆ చుక్క పడితే మచ్చ ఉండిపోతుంది. నాకు తెలుసు, అడగకండి. పట్టుకి నీళ్లు చిలకరించొద్దు. లోపలి వైపు, పొడిగా, లేదా అంతటా సమంగా చెమ్మ ఉన్నప్పుడు, అంతే.

పాతపెట్టె:
ఉన్నికి కూడా ఒక మాట. తోయొద్దు. తడిగుడ్డ వేసి ఆనించడం, ఎత్తడం. తోస్తే సాగి ఆకారం పోతుంది.

హ్యాంగర్:
పెట్టె అడుగున పాలిస్టర్ కరిగి నల్లగా అంటుకుపోయింది. వేడి పెట్టె మీద పారాసెటమాల్ మాత్ర రుద్దితే పోతుందని వీడియోలో చూశాను. నిజమేనా?

వోల్టేజ్:
మాత్ర కరిగి మాడుని వదిలిస్తుందన్నది నిజమే. కానీ ఆ పొగ పీల్చడం మంచిది కాదు, వేళ్లు కాలే ప్రమాదం కూడా. అంత సాహసం దేనికి? పెట్టెని గోరువెచ్చగా చేసి, ప్లగ్ తీసి, చెక్క గరిటె అంచుతో మెల్లగా గీకితే కరిగిన ప్లాస్టిక్ ఊడొస్తుంది. మిగిలిన మరకకి వంట సోడా ముద్ద మెత్తటి గుడ్డతో రాసి, తడిగుడ్డతో తుడవండి. నాన్‌స్టిక్ పూత ఉంటే సోడా కూడా వద్దు, సబ్బునీళ్ల గుడ్డ చాలు. ఇనుప పీచు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

గళ్ళలుంగీ:
తెల్ల చొక్కా మీద పెట్టె ఆకారంలో లేత పసుపు పడింది. దారి ఉందా?

నూలుపోగు:
లేత పసుపైతే ఉంది. తెల్ల కాటన్ మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అద్ది, కాసేపుంచి, చల్లటి నీళ్లలో బాగా జాడించండి. రంగు బట్టల మీద వద్దు. గోధుమ రంగులోకి తిరిగి, గీకితే పొడి రాలితే పోగే కాలిపోయినట్టు, దానికి మందు లేదు. ఒక్కోసారి కాలింది బట్ట కాదు, సబ్బు సరిగ్గా జాడించక మిగిలిపోయిన పొర లేదా గంజి. అదైతే ఉతికితే పోతుంది. గంజి పెట్టిన బట్టకి వేడి ఒక మెట్టు తగ్గించండి, పెట్టెని ఒకేచోట ఆపకండి.

చుక్కలబొమ్మ:
ఇస్త్రీ అక్కర్లేని చొక్కాలని అమ్ముతారు కదా, అవి కొనుక్కుంటే ఈ తలనొప్పి ఉండదేమో?

నూలుపోగు:
సగం నిజం. అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో రూత్ బెనెరిటో అనే రసాయన శాస్త్రవేత్త, ఆవిడ బృందం 1950, 60ల్లో చేసిన పనితో కాటన్ గొలుసుల్ని రసాయనంతో ఒకదానికొకటి గట్టిగా కట్టేసే పద్ధతులు బాగా మెరుగుపడ్డాయి. హైడ్రోజన్ బంధాల్లా ఈ కట్లు నీళ్లకి సడలవు, అందుకే ఉతికినా బట్ట పాత ఆకారానికే వస్తుంది. బదులుగా పోగు బలం కొంత తగ్గుతుంది, కాలర్ అంచులు త్వరగా అరుగుతాయి, చెమట పీల్చుకోవడం కూడా తగ్గుతుంది. చాలావాటిలో ఫార్మాల్డిహైడ్ ఆధారిత రెసిన్ వాడతారు కాబట్టి చర్మం సున్నితంగా ఉన్నవాళ్లు కొన్నాక ఒకసారి ఉతికి వేసుకోవడం మంచిది. ప్రయాణాలకి ఒకటి రెండు ఉంచుకోండి. రోజువారీకి నేను మామూలు కాటనే వేస్తాను.

తడిగుడ్డ:
ముడతలు తక్కువ పడాలంటే అసలు పని మిషన్ దగ్గరే మొదలవ్వాలి. డ్రమ్ము కుక్కకండి. చొక్కాలకి పిండే వేగం తగ్గించండి. ఆగగానే తీసెయ్యండి, గంటసేపు అందులోనే ఉంటే ముద్దగా బిగుసుకుంటాయి. ఒక్కోదాన్ని భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా రెండు సార్లు దులపండి, కాలరూ కఫ్‌లూ వేళ్లతో లాగి, హ్యాంగర్‌కే తగిలించి ఆరబెట్టండి. హ్యాంగర్ లేక దండెం మీదే ఆరేస్తే క్లిప్పులు భుజాల దగ్గర కాకుండా కింది అంచుకి పెట్టండి.

రాత్రిడ్యూటీ:
కాలర్ పద్ధతి పనిచేసింది, కొసల దగ్గర మడత లేదు. రాత్రే తడిపి చుట్టి పెట్టాను, పెట్టె బరువుకే సాపయింది, నొక్కాల్సిన పనే పడలేదు. ప్యాంటు ఒక కాలు బాగా వచ్చింది, రెండో కాలికి పాత గీత ఇంకా లీలగా కనిపిస్తోంది. ఇంకో అనుమానం, ఆవిరి వదిలినప్పుడల్లా ముదురు చొక్కా మీద తెల్లటి పొలుసులు రాలుతున్నాయి. పెట్టె కొత్తదే కదా?

వోల్టేజ్:
నీళ్ల కాఠిన్యం. మరిగిన చోటల్లా కాల్షియం కార్బనేట్ పేరుకుంటుంది, కఠిన జలం పోస్తే కొత్త పెట్టెకీ కొన్ని వారాల్లో మొదలవుతుంది. పెట్టెకి సెల్ఫ్ క్లీన్ మీట ఉందేమో చూడండి. ఉంటే ట్యాంకు నింపి, పూర్తి వేడికి రానిచ్చి, ప్లగ్ తీసి, సింకు మీద అడ్డంగా పట్టుకుని ఆ మీట నొక్కి ఊపండి. మరిగే నీళ్లు, ఆవిరి, పొలుసులు అన్నీ కలిసి కిందికి దూకుతాయి, చెయ్యి జాగ్రత్త. తర్వాత పాత గుడ్డ మీద రెండుసార్లు నడిపి అప్పుడు చొక్కా ముట్టుకోండి. వెనిగర్ పోయమని చాలామంది చెబుతారు, కొన్ని కంపెనీలు లోపలి సీళ్లు పాడవుతాయని వద్దంటాయి, మీ పెట్టె పుస్తకంలో ఏముందో చూసి నిర్ణయించుకోండి. ఇకముందు డిస్టిల్డ్ వాటర్, లేదా సగం అది సగం కుళాయి నీళ్లు. పని అయ్యాక ట్యాంకులో నీళ్లు వదిలెయ్యకుండా వేడిగా ఉన్నప్పుడే ఒంపేయండి.

కుట్టుమిషన్:
ఆ రెండో కాలికి ఇంకోసారి వెనిగర్ గుడ్డ వేసి చూడండి. ఈసారి దిమ్మని ఇంకాసేపు అలాగే ఉంచండి.